బొమ్మ లేని కార్డు

మా బడిలో పోకేమాన్ కార్డులు లేని పుస్తకాల సంచీ దొరకడం కష్టం. ఆరో తరగతి పిల్లల దగ్గరైతే పెన్సిలు లేకపోయినా కార్డుల కట్ట మాత్రం ఉంటుంది. అయినా ఆ కార్డులతో అసలు ఆట ఆడినవాళ్లు పదిమంది కూడా ఉండరు. దానికి పిల్లల బద్ధకం కారణం అనుకోవద్దు. మాకు దొరికే పొట్లాల్లో ఆటని నడిపించే కార్డే ఉండదు. దాని పేరు ఎనర్జీ కార్డు. పుస్తకాల మీద, సినిమాల మీద విమర్శలు రాస్తారు కదా, నేను ఈ ఒక్క కార్డు మీద రాస్తున్నాను.

ముందు తెలియనివాళ్ల కోసం ఆట సంగతి చెప్పాలి. ఇది 1996లో జపాన్‌లో మొదలైంది. ఇద్దరు ఆడతారు. ఒక్కొక్కరికీ 60 కార్డుల కట్ట. అందులో పోకేమాన్ కార్డులు, ట్రైనర్ కార్డులు, ఎనర్జీ కార్డులు అని మూడు రకాలు. కట్ట కలిపి 7 కార్డులు చేతికి తీసుకుంటారు, 6 కార్డులు ప్రైజు కింద బోర్లించి పెడతారు. ఎదుటివాడి పోకేమాన్‌ని పడగొట్టినప్పుడల్లా మన ప్రైజు కార్డు ఒకటి తీసుకోవాలి. ఆరూ ముందు తీసుకున్నవాడు గెలిచినట్టు. వంతు వచ్చినప్పుడల్లా కట్టలోంచి ఒక కార్డు లాగాలి. ఇంతవరకూ మామూలు కార్డుల ఆటే. కానీ ఇందులో పోకేమాన్ ఊరికే కొట్టలేదు. ఏ దెబ్బకి ఎన్ని ఎనర్జీలు కావాలో కార్డు మీదే గుర్తులు వేసి ఉంటాయి. అన్ని ఎనర్జీ కార్డులు దాని కింద పెట్టి ఉంటేనే దెబ్బ. ఆ ఎనర్జీ కార్డుని వంతుకి ఒకటే పెట్టాలి. చేతిలో ఐదున్నా సరే, ఒకటే.

చూడటానికి ఎనర్జీ కార్డంత చప్పగా ఇంకేదీ ఉండదు. పోకేమాన్ బొమ్మ ఉండదు, అంకె ఉండదు. మధ్యలో ఒక గుర్తు మాత్రం ఉంటుంది. గడ్డి, నిప్పు, నీరు, మెరుపు, మనసు, పోరు, చీకటి, లోహం అని ఇప్పుడు 8 రకాలు. మా క్లాసులో మెరుపు ఎనర్జీని 'శక్తినగర్' అంటాం, మన జిల్లాలో కరెంటు తయారుచేసే థర్మల్ కేంద్రం అక్కడ ఉంది కాబట్టి. బంగారు రేకులా మెరిసే కార్డుల్ని 'హట్టి' అంటాం, లింగసుగూరు వైపు బంగారు గనులున్న ఊరి పేరు. మా దుకాణాల్లో అన్నీ హట్టి కార్డులే. అవి అసలు కంపెనీవి కావని అందరికీ తెలుసు, అయినా కొంటాం. నేను చూసిన ఏ డబ్బాలోనూ ఒక్క ఎనర్జీ కార్డు కూడా లేదు. అమ్మేవాడి వైపు నుంచి చూస్తే అది సబబే. మెరవని కార్డుకి డబ్బులెవరిస్తారు?

ఎనర్జీ లేనప్పుడు పిల్లలేం చేస్తారు? కార్డు మూల మీద హెచ్‌పీ అని ఒక అంకె ఉంటుంది, ఆ పోకేమాన్ ఎంత నష్టం తట్టుకుంటుందో చెప్పేది. ఇద్దరూ చెరో కార్డు తీసి ఆ అంకె చూసుకుంటారు. పెద్ద అంకె ఉన్నవాడు రెండు కార్డులూ పట్టుకుపోతాడు. లేదంటే నేల మీద అరచేత్తో చరిచి, ఎవడు కార్డు తిరగేస్తే వాడిదే. మొదటి పద్ధతిలో ఎక్కువ డబ్బాలు కొన్నవాడు గెలుస్తాడు, రెండో దాంట్లో చెయ్యి పెద్దగా ఉన్నవాడు గెలుస్తాడు. చిన్నపిల్లలు రోజూ ఏడుస్తారు. పోయిన సంవత్సరం మా సార్లు కార్డులన్నీ లాక్కుని, ఇది జూదం అన్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు, మేం ఆడింది జూదమే. నేననేది ఏమిటంటే, ఎనర్జీ కార్డు తీసేయడం వల్లే అది జూదమైంది.

ఎలాగో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇంగ్లీషులో 1999లో వచ్చిన మొదటి సెట్టులోంచి రెండు కార్డులు తీసుకుందాం. చారిజార్డ్ హెచ్‌పీ 120, పికాచూ హెచ్‌పీ 40. అంకెల పందెంలో ఇది పోటీయే కాదు, పికాచూ ఉన్నవాడు నోరు మూసుకుని కార్డు ఇచ్చేయాలి. ఇప్పుడు నియమాల ప్రకారం ఆడదాం. చారిజార్డ్ నేరుగా రాదు. ముందు చార్మాండర్‌ని పెట్టాలి, తర్వాతి వంతులో దాని మీద చార్మీలియన్, ఆపై వంతులో చారిజార్డ్. చారిజార్డ్‌కి ఉన్నది ఒక్కటే దెబ్బ, 100 నష్టం. దానికి 4 నిప్పు ఎనర్జీలు కావాలి, కొట్టాక వాటిలో 2 పారేయాలి. పికాచూ ఒక ఎనర్జీతో 10 కొడుతుంది, రెండు ఎనర్జీలతో 30 కొడుతుంది. ఆ 30 దెబ్బకి నాణెం ఎగరేయాలి, బొరుసు పడితే పికాచూకే 10 తగులుతుంది.

మొదటి వంతు చారిజార్డ్ వాడికే ఇద్దాం. ఇప్పటి నియమాల్లో ముందు ఆడేవాడు మొదటి వంతులో కొట్టకూడదు. వాడు చార్మాండర్‌కి ఒక ఎనర్జీ పెడతాడు. పికాచూకి ఒకటి పెట్టి మనం 10 కొడతాం. రెండో వంతులో అది చార్మీలియన్ అవుతుంది, ఎనర్జీలు రెండు. మనం 30 కొడతాం, మొత్తం 40. మూడో వంతులో చారిజార్డ్ వచ్చేసింది, బొమ్మ అదిరిపోయింది, కానీ ఎనర్జీలు మూడే, కొట్టలేదు. మనం మళ్లీ 30 కొడతాం, మొత్తం 70. పికాచూకి రెండే చాలు కాబట్టి మన మూడో ఎనర్జీని వెనక కూర్చున్న రెండో పికాచూకి పెట్టేస్తాం. నాలుగో వంతులో చారిజార్డ్ 100 కొడుతుంది, మొదటి పికాచూ పోతుంది. పోనివ్వండి. రెండోది ముందుకొస్తుంది, దానికి రెండో ఎనర్జీ పెడతాం, 30 కొడతాం, మొత్తం 100. ఇప్పుడు చారిజార్డ్ దగ్గర పారేయగా మిగిలినవి రెండు, కొత్తది ఒకటి, మొత్తం మూడు. కొట్టలేదు. వెనక్కి పోవాలన్నా 3 ఎనర్జీలు పారేయాలి. మనం ఇంకో 30 కొడతాం, 130 అయింది. చారిజార్డ్ పడిపోయింది.

ప్రైజు చెరొకటే. కానీ వాడికి మూడు పోకేమాన్ కార్డులూ ఐదు ఎనర్జీలూ పోయాయి, మనకి ఒక పోకేమానూ రెండు ఎనర్జీలూ పోయాయి. చారిజార్డ్ వాడు తెలివైనవాడైతే మూడో వంతులో తొందరపడి చారిజార్డ్ చేయడు. చార్మీలియన్ 3 ఎనర్జీలతోనే 50 కొట్టగలదు, 40 హెచ్‌పీ ఉన్న పికాచూకి అది చాలు. బొమ్మ ఎంత పెద్దదైతే అంత మంచిది అనుకునేవాడికి ఆ ఆలోచనే రాదు. ఈ లెక్కంతా పుట్టింది "వంతుకి ఒక ఎనర్జీ" అన్న నియమం నుంచే. అది తీసేస్తే మళ్లీ 120, 40 అంకెలే మిగులుతాయి.

మాది సింధనూరు తాలూకాలో క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి వేస్తాం. అందుకేనేమో, ఎనర్జీ కార్డుని చూస్తే నాకు యూరియా బస్తా గుర్తొస్తుంది. ఏ మడికి ముందు చల్లాలి అన్నది మన చేతిలో ఉంటుంది, చల్లేశాక తిరిగి ఎత్తుకోలేం. పంట పోతే దానితోపాటే పోయింది. పోకేమాన్ పడిపోయినప్పుడు దాని కింది ఎనర్జీలన్నీ దానితోపాటే చెత్త కుప్పలోకి పోతాయి. అందుకే నాలుగు ఎనర్జీలు ఒకదానికే పెట్టి కూర్చోవడం ధైర్యమా, మొండితనమా అన్నది ప్రతి ఆటలోనూ తేల్చుకోవాలి. పైగా ఆ మొదటి సెట్టులోనే ఎదుటివాడి పోకేమాన్ కింది ఎనర్జీని ఒకటి తీయించి పారేయించే ట్రైనర్ కార్డు ఉంది. దాన్ని ఎవరైనా వాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కానీ ఆటకి అది మంచిదే. దాచుకున్నది పోవచ్చన్న భయం ఉంటేనే ఎవరైనా పంచి పెడతారు.

ఈ ఆలోచన పోకేమాన్‌తో పుట్టలేదు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత పండితుడు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆట తయారుచేశాడు. అక్కడ ఎనర్జీ బదులు భూమి కార్డులు. మైదానం, ద్వీపం, చిత్తడి నేల, కొండ, అడవి అని ఐదు. వంతుకి ఒక భూమి కార్డే పరచాలి. వాడినప్పుడు దాన్ని అడ్డంగా తిప్పుతారు, మళ్లీ మన వంతు రాగానే నిలువుగా పెట్టుకుంటారు. అంటే ఈ కారు పండిన పొలం పై కారుకీ పండుతుంది. ఏ సైనికుడు చచ్చినా భూమి మనదే. ఇది భూమి, పోకేమాన్‌లోది ఎరువు, అదే తేడా. మ్యాజిక్‌లో నాలుగు వంతులు గడిచేసరికి మన బలం స్థిరపడుతుంది. పోకేమాన్‌లో ఎప్పటికీ స్థిరపడదు, ఒక్క దెబ్బకి మళ్లీ మొదటికి రావచ్చు. చిన్నపిల్లలకి మ్యాజిక్ తేలిక అనిపించాలి గానీ నా ఉద్దేశంలో పోకేమానే తేలిక. ఎవరికి ఎంత ఉందో బల్ల మీద ఆ బొమ్మ కిందే కనిపిస్తుంది, మనసులో కూడిక వేసుకోనక్కర్లేదు.

ఇక లోపం. దీన్ని దాచి పొగిడితే అది విమర్శ కాదు. ఎనర్జీ కట్టలోనే కలిసి ఉంటుంది కాబట్టి ఒక్కోసారి అది రాదు. చేతిలో మంచి పోకేమాన్లుంటాయి, ఎనర్జీ ఉండదు, వంతు వంతుకీ కొట్టకుండా కూర్చోవాలి. మానవి, రాయచూరు వైపు కాలువ చివర పొలాలున్నవాళ్లకి ఇది కొత్త కాదు, నారు పోసుకుని నీళ్ల కోసం చూడటమే. దీనికి విరుగుడుగా ఎనర్జీలు ఎక్కువ పెట్టుకుంటే చేతినిండా ఎనర్జీలే వచ్చి పోకేమాన్లు రావు. నీళ్లున్నాయి, నారు లేదు.

ఎన్ని పెట్టాలన్నది పదో తరగతి గణితంలోని సంభావ్యత లెక్కే. 60 కార్డుల్లో 20 ఎనర్జీలు ఉన్నాయనుకోండి. మొదటి 7 కార్డుల్లో ఒక్క ఎనర్జీ కూడా రాకపోవడానికి 40/60 ని 39/59 తో గుణించి, అలా 34/54 దాకా ఏడు భిన్నాలు గుణించాలి. సుమారు 0.048 వస్తుంది, అంటే ఇంచుమించు 20 ఆటల్లో ఒకటి. 10 ఎనర్జీలే పెడితే అది 0.26 అవుతుంది, నాలుగు ఆటల్లో ఒకటి పోయినట్టే. 30 పెడితే 0.005 కి తగ్గుతుంది కానీ కట్టలో సగం ఎనర్జీయే. పేరున్న ఏ కార్డునీ కట్టలో నాలుగుకి మించి పెట్టకూడదు, ఆ నియమం మామూలు ఎనర్జీకి మాత్రం లేదు. ఎన్ని పెట్టుకోవాలో ఆడేవాడికే వదిలేశారు. ఆట మొదలవకముందే మనం చేసే పెద్ద నిర్ణయం అదే. ఎనర్జీని వెతికి తెచ్చే ట్రైనర్ కార్డులు, కొత్త కార్డులు లాగించే ట్రైనర్ కార్డులు ఎక్కువ పెట్టుకుంటే ఎనర్జీలు తగ్గించుకోవచ్చు. అనుభవం ఉన్నవాళ్లు పదికి అటూ ఇటూ ఎనర్జీలతో నడిపించేది అందుకే.

ఈ కరువుకి ఒక్కొక్క ఆట ఒక్కొక్క మందు వేసింది. మ్యాజిక్‌లో 2019 నుంచి, మొదటి 7 కార్డులు నచ్చకపోతే కట్టలో కలిపేసి మళ్లీ 7 తీసుకుని, ఎన్నిసార్లు అలా చేస్తే అన్ని కార్డులు కట్ట అడుక్కి పెట్టాలి. 2014లో వచ్చిన 'హార్త్‌స్టోన్' అనే కంప్యూటర్ ఆటలో అసలు అలాంటి కార్డులే లేవు, వంతుకి ఒకటి చొప్పున పది దాకా బలం దానంతటదే పెరుగుతుంది. 2024 అక్టోబర్ 30న ఫోన్లలోకి వచ్చిన 'పోకేమాన్ టీసీజీ పాకెట్' కూడా ఆ దారే పట్టింది. కట్ట 20 కార్డులే, ఎనర్జీ కార్డులు లేవు, మన వంతు రాగానే ఒక ఎనర్జీ పక్కన పుట్టుకొస్తుంది. ముందు ఆడేవాడికి మాత్రం మొదటి వంతులో రాదు. మా బాబాయి ఫోన్‌లో ఆడి చూశాను. బాగుంది, ఆట పది నిమిషాల్లో అయిపోతుంది, ఎప్పుడూ ఎండిపోం. ఎవరికి పెట్టాలి అన్న ప్రశ్న అందులో కూడా ఉంది. కానీ ఎన్ని పెట్టుకోవాలి అన్న ప్రశ్న పోయింది. రెండు రకాల ఎనర్జీ పెట్టుకుంటే వాటిలో ఏది వస్తుందో మన చేతిలో లేదు. తూము తలుపు ఎవరో తీస్తారు, మనం గట్టున నిలబడి ఉంటాం. కరువు బాధ పోయిందని సంతోషించేవాళ్లతో నేను తగువు పడను, నాకు మాత్రం కాగితం ఆటే గట్టిదనిపిస్తుంది. 20 ఆటల్లో ఒకటి ఊరికే పోయినా మిగతా పంతొమ్మిదింటిలో నేను ముందురోజు రాత్రి వేసిన లెక్క పనిచేస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన మందు 2002లో జపాన్‌లో వచ్చిన 'డ్యూయల్ మాస్టర్స్' ది. అందులో వేరే భూమి కార్డులు లేవు. వంతుకి ఒకసారి, చేతిలో ఉన్న ఏ కార్డునైనా తలకిందులుగా పరిచి భూమిలా వాడుకోవచ్చు. కరువు ఉండదు, అయినా ప్రతిసారీ మనకిష్టమైన ఒక కార్డుని వదులుకోవాలి. ఏది వదులుకోవాలన్నదే ఆట.

అదృష్టం ఉన్న ఆట మంచి ఆట కాదు, చదరంగం ఆడుకోండి అని మా ఇంట్లో అంటారు. చదరంగం నాకూ ఇష్టమే. అయితే మా తమ్ముడు నాతో చదరంగం ఆడటం మానేసి ఏడాదైంది. ఎందుకంటే వందలో వంద నేనే గెలుస్తాను. ఎనర్జీ రాని ఆట నాకు పదిహేను రోజులకోసారి వస్తుంది, ఆ రోజు వాడు గెలుస్తాడు. ఆ ఒక్క గెలుపు కోసం వాడు మిగతా రోజులు కూర్చుంటున్నాడు, కూర్చుని నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ఎనర్జీ వచ్చిన రోజుల్లో కూడా గెలుస్తున్నాడు, అది వేరే సంగతి.

ఎనర్జీ కార్డులు దొరకవని చెప్పి ఆట ఎలా ఆడామంటారా? ముందు పెళ్లి శుభలేఖలు కత్తిరించి చేశాం. అట్ట మందంగా ఉంటుంది, ఉచితం, మీద స్కెచ్ పెన్నుతో నిప్పు, నీరు గుర్తులు వేసుకున్నాం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మిగతావన్నీ జారిపోయే ప్లాస్టిక్ కార్డులు. కట్ట కలిపినా ఎనర్జీ ఎక్కడుందో వేలికి తెలిసిపోతుంది, వెనక్కి తిప్పితే కంటికే కనబడుతుంది. కొంతమంది ఎనర్జీలని వేరే కుప్పగా పెట్టి, వంతుకి ఏ కుప్పలోంచి కావాలంటే ఆ కుప్పలోంచి లాగుదాం అన్నారు. వారం రోజులు అలా ఆడాం. చెడ్డ ఆట కాదు, కానీ ఎవరికీ ఎప్పుడూ ఎనర్జీ తక్కువ రాదు, ఎవరూ లెక్క వేయరు. అది అచ్చం ఫోన్‌లో ఆటలాగే తయారైంది.

చివరికి మా పక్క బెంచీవాడు దారి చూపించాడు. హట్టి కార్డునే తీసుకుని బొమ్మ మీద నోటు పుస్తకం లేబుల్ అంటించేయాలి. అప్పుడు వెనక భాగం అన్నిటికీ ఒకటే, మందం ఇంచుమించు ఒకటే. వినడానికి తేలిక. చేయబోతే ఎవరికీ చెయ్యి రాలేదు. ఇద్దరికీ 30 కార్డుల కట్టలు, ఒక్కొక్క దాంట్లో 10 ఎనర్జీలు అనుకున్నాం. అంటే 20 బంగారు కార్డుల మీద తెల్ల కాగితం అంటించాలి. 300 దాటిన హెచ్‌పీ ఉన్నవాటి మీద, డబ్బులు దాచుకుని కొన్నవాటి మీద. ఒకడైతే తన కార్డులు తీసుకుని వెళ్లిపోయాడు, రెండు రోజులు మాట్లాడలేదు. 'డ్యూయల్ మాస్టర్స్' మాకు దొరకదు గానీ, ఏ కార్డు వదులుకోవాలి అన్న ఆ ఆట మేం జిగురు సీసా ముందు పెట్టుకుని ఆడాం.

మొదటి లేబుల్ మా తమ్ముడు అంటించాడు, వాడి రెండు చారిజార్డుల్లో ఒకదాని మీద. ఇప్పుడు అది నీటి ఎనర్జీ. మా దగ్గర 20 ఎనర్జీలు తయారయ్యాయి, రెండు కట్టలు నడుస్తున్నాయి, కార్డులు ఎవరివి వాళ్లకే, ఆట అయ్యాక ఎవరూ ఎవరివీ పట్టుకుపోవడం లేదు. ఏడో తరగతి వాళ్లు మూడో కట్ట కావాలంటున్నారు. దానికి ఇంకో పది కార్డులు ఎవరో ఒకరు ఇవ్వాలి. మెరిసేవైనా పరవాలేదు.